ఆంటీ ఓవెన్‌లో ఎండిన రాడ్లు: ఎడ్మంటన్ నుంచి గ్రాండ్ ప్రెయిరీ దాకా

యూరప్ వాళ్లు కెనడాకి ఎందుకొస్తారు, వాళ్లకేం కష్టమొచ్చిందని మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన ప్రతి నెలా అడుగుతుంటాడు. ఆయన మా బేస్‌మెంట్‌లోకి ఒక్కసారి దిగి చూసుంటే చాలు. రిచ్‌మండ్ హిల్‌లో మా ఇంటి కింది భాగంలో మొన్నటిదాకా ఎనిమిది నెలలు స్టెలియోస్ అద్దెకున్నాడు. గ్రీసు దేశస్థుడు, ముప్పై నాలుగేళ్లవాడు. పిరేయస్ రేవులో ఓడలు బాగుచేసే యార్డుల్లో పన్నెండేళ్లు పైపులు వెల్డింగ్ చేశాడు. ఓడ వస్తే పని, లేకపోతే లేదు. పని చేసిన నెల జీతం రెండు నెలలకు చేతికొచ్చేది. అతనికి పని నేర్పిన పెద్దవాళ్లు ఒక్కొక్కరూ జర్మనీకో నార్వేకో వెళ్లిపోయాక, భార్యనూ ఐదేళ్ల కూతురు ఎలెనినీ అక్కడే వదిలి ఇక్కడికొచ్చాడు. వచ్చి బాల్కనీలకు రెయిలింగులు అతికించేవాడు. పట్టుచీరలు నేసే మనిషిని గోనెసంచులు కుట్టమన్నట్టుంది ఆ పని.

డిసెంబరు మొదట్లో అతనికి ఒక ఈమెయిల్ వచ్చింది. ఆల్బర్టాలోని గ్రాండ్ ప్రెయిరీలో పైపులు తయారుచేసే ఒక షాపువాళ్లు గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు వెల్డింగ్ టెస్టుకు రమ్మన్నారు. పాసైతే ఉద్యోగం ఇస్తారు, వర్క్ పర్మిట్ పొడిగింపుకు కాగితాలూ ఇస్తారు. ఫెయిలైతే మళ్లీ టెస్టు రెండు నెలల తర్వాతే. అతని పర్మిట్ గడువు ఏడు వారాల్లో ముగుస్తుంది. అంటే ఆ టెస్టు తప్పితే పిరేయస్‌కు తిరుగు టికెట్ కొనుక్కోవడమే. ఇందులోకి నేనెలా వచ్చానంటే, ఎడ్మంటన్ దాకా విమానం, అక్కడినుంచి కారు; ఆ రెంటల్ కారు ఇవ్వాలంటే క్రెడిట్ కార్డు కావాలన్నారు, అతని దగ్గర డెబిట్ కార్డే ఉంది. కార్డు ఎవరిదైతే వాళ్లే నడపాలన్నది ఆ కంపెనీ రూలు. నా కాంట్రాక్టు ముగిసి కొత్తది మొదలయ్యేలోపు రెండు వారాలు ఖాళీ ఉంది. "నేనొస్తాలే" అని నోరు జారాను. వరంగల్‌లో పుట్టినవాడిని, మంచు రోడ్డు మీద ఐదు గంటలు నడపడమంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

బుధవారం ఉదయం ఎనిమిదింటి విమానం ఎక్కాం. టొరంటో నుంచి ఎడ్మంటన్‌కు నాలుగు గంటలు దాటుతుంది, గడియారం రెండు గంటలు వెనక్కి తిప్పుకోవాలి కాబట్టి దిగేసరికి అక్కడ ఇంకా పదిన్నరే. కారు రోజుకు అరవై డాలర్ల పైచిలుకు పడింది. చలికాలం టైర్లున్న బండి కావాలని అడిగి తీసుకోండి, అడగకపోతే ఇవ్వరు. దారిలో స్టెలియోస్ ఒక వెల్డింగ్ సామాన్ల కొట్టు దగ్గర ఆపమని, టెస్టుకు కావాల్సిన రెండు రకాల రాడ్లు కొన్నాడు. మొదటి పొరకు ఒక రకం, పై పొరలకు ఇంకో రకం. ఎవరి రాడ్లు వాళ్లే తెచ్చుకోవాలని ఈమెయిల్‌లో ఉంది. మా మకాం వెంకట్రావు అంకుల్ ఇంట్లో. ఆయన మా మామగారి స్నేహితుడు. విశాఖలో వెల్డింగ్ ఇన్‌స్పెక్టరుగా మొదలుపెట్టి, ఎడ్మంటన్‌లో ముప్పై ఏళ్లు అదే పని చేసి రిటైరైన మనిషి. ఇంత పనికొచ్చే మనిషి ఇంట్లో ఉండి మేం చేసిన ఘనకార్యం ఏమిటో చెబుతాను.

మేం చేరేసరికి అంకుల్ భోంచేసి పడుకున్నారు. సుశీల ఆంటీ మాకు అన్నం పెట్టారు. భోజనమయ్యాక స్టెలియోస్ రాడ్ల డబ్బాలు రెండూ తెరిచి, ఇంట్లో ఓవెన్ ఉందా అని అడిగాడు. అతని యార్డులో రాడ్లను ముందు ఓవెన్‌లో ఎండబెట్టి, వేడిమీదే తీసి వాడాలట. ఎండబెట్టని రాడ్ ముట్టుకుంటే ఆ రోజు పని ఉండదట. ఆంటీ నవ్వి ఓవెన్ తలుపు తీశారు. లోపల మూకుళ్లు, దోసెల పెనాలు, ఇడ్లీ రేకులు, ఒక కుక్కరు మూత. మన ఇళ్లలో ఓవెన్ ఎందుకుంటుందో మీకు తెలుసు. ఆవిడ అవన్నీ తీసి కౌంటరు మీద పేర్చారు.

"అంకుల్‌ను ఒకమాట అడుగుదామా ఆంటీ?" అన్నాను.

"ఇప్పుడే కునుకు పట్టింది బాబూ. బీపీ మనిషి, లేపితే మళ్లీ పడుకోరు. ఎండబెట్టడమే కదా, వడియాలు ఎండబెట్టుకోమా?"

నాకూ సబబే అనిపించింది. పెద్దాయన్ని నిద్ర లేపడమేమిటని ఊరుకున్నాను. రెండు రకాలూ రెండు ట్రేల్లో సర్ది, రెండొందల యాభై డిగ్రీల ఫారన్‌హీట్ పెట్టింది నా చెయ్యే. సాయంత్రం అంకుల్ లేచేసరికి రాడ్లు డబ్బాల్లోకి చేరాయి, డబ్బాలు కారులోకి చేరాయి. మాటలన్నీ విశాఖ గురించీ పిరేయస్ గురించీ నడిచాయి. రెండూ ఓడల ఊళ్లే కదా, ఇద్దరూ చేతులతో ఓడల బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నారు. రాడ్ల మాట ఎవరికీ గుర్తురాలేదు.

గురువారం ఉదయం ఆరున్నరకు బయల్దేరాం. ఆంటీ కట్టిచ్చిన పులిహోర వెనక సీట్లో పెట్టాం. దారి సులువే. పదహారో నంబరు హైవే మీద పడమటికి వెళ్లి, నలభై మూడో నంబరు పట్టుకుంటే అదే గ్రాండ్ ప్రెయిరీ దాకా తీసుకెళ్తుంది. నాలుగొందల యాభై కిలోమీటర్ల పైమాటే. మంచు లేకపోతే ఐదు గంటలలోపే. ఎనిమిదీ ఇరవైకి మేయర్‌థార్ప్ దగ్గర పెట్రోలు కొట్టిస్తుంటే అంకుల్ ఫోన్ వచ్చింది. ఆంటీ మూకుళ్లు మళ్లీ ఓవెన్‌లో సర్దుతుంటే, ట్రే వెనక జారిపోయిన ఒక రాడ్ ఆవిడ చేతికి తగిలిందట.

"శ్రీధర్, ఓవెన్లో మొదటి పొర రాడ్ ఒకటుండిపోయింది. ఇదెందుకు పెట్టీసార్రా ఇందులో?" అన్నారు అంకుల్. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఎండబెట్టినం అంకుల్. తడి ఉండొద్దని."

"రెండు రకాలూ పెట్టీసారా?"

"రెండూ."

అంకుల్ నిదానంగా చెప్పారు. "పై పొరల రాడ్ ఎండబెట్టాల్సిందే. ఈ రకం మాత్రం ఎండబెట్టకూడదు బాబూ. దీని పూతలో చెక్కపొట్టులాంటిది ఉంటాది. కాస్త తడి ఉంటేనే మంట నిలబడతాది. ఓవెన్లో పెట్టీసాక ఇంక అది పనికిరాదు. ఫోను ఆ అబ్బాయికియ్యి."

స్టెలియోస్ విన్నాడు, విని తల అడ్డంగా ఊపాడు. ఫోన్ నాకిచ్చేశాక అతని చెవులు ఎర్రబడ్డాయి. "పన్నెండేళ్లుగా వెల్డింగ్ చేస్తున్నాను శ్రీ. ఎండిన రాడ్ చెడిపోయిందని ఎవరూ అనలేదు."

"ఈ రకం అక్కడ వాడావా?"

"లేదు. అక్కడ మొదటి పొర వేరే పద్ధతి. ఇది రెయిలింగుల షాపులో నేర్చుకున్నాను. నెలరోజులు ప్రాక్టీస్ చేశాను."

"ప్రాక్టీస్ చేసేటప్పుడు ఓవెన్‌లో పెట్టావా?"

"లేదు. డబ్బాలోంచి తీసి వాడేవాణ్ని."

"మరి ఇప్పుడెందుకు పెట్టావ్?"

"ఇది టెస్టు కదా," అన్నాడు. తర్వాత నలభై ఐదు కిలోమీటర్లు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు.

నాకు అతని మీద కోపం రాలేదు, నా మీదే వచ్చింది. ఇన్‌స్పెక్టరుగా తల నెరిసిన మనిషి పక్క గదిలో ఉంటే, ఆయన కునుకు చెడుతుందని నోరు మూసుకున్నాను. స్టెలియోస్‌కు ఆ ఇల్లు కొత్త, నాకు కాదు. కొత్త రాడ్లు గ్రాండ్ ప్రెయిరీలో కొనొచ్చు కానీ, అక్కడికి చేరేసరికి పన్నెండు దాటుతుంది, కొట్టులో ఆ రకం లేకపోతే ఇక చేసేదేమీ లేదు. ముందున్న ఊరు వైట్‌కోర్ట్. తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా అక్కడొక వెల్డింగ్ కొట్టు ముందు ఆపాం. తొమ్మిదికి తెరుస్తామని బోర్డుంది. తెరిచేసరికి తొమ్మిదీ పది. ఆ పదిహేను నిమిషాలు నేను వాచీ వంక, అతను తన బూట్ల వంక చూసుకున్నాం.

కౌంటరులో ఉన్నావిడకు యాభై దాటుంటాయి. స్టెలియోస్ అడగలేక నా వంక చూశాడు, నేనే విషయం చెప్పాను. ఆవిడ నవ్వలేదు, అందుకు ఇప్పటికీ ఆవిడకు రుణపడి ఉన్నాను. "వెనక బూత్ ఉంది. ఒక రాడ్ కాల్చి చూసుకో. నా మాట ఎందుకు నమ్మాలి?" అంది.

అతను ముసుగు దించి తన రాడ్ ఒకటి అంటించాడు. చిటపటమంది, ఆగింది. మళ్లీ అంటించాడు, మళ్లీ ఆరిపోయింది. పూత పెచ్చులుగా రాలింది. రెండోది కూడా అంతే. ఆవిడ కొత్త డబ్బా తెరిచి ఒకటి అందించింది. అది సన్నగా, ఆగకుండా కాలింది. స్టెలియోస్ ముసుగెత్తి కాసేపు ఆ అతుకు వంకే చూశాడు. "నీ అంకుల్ చెప్పింది నిజమే," అన్నాడు. ఆ డబ్బా కొనుక్కుని తొమ్మిదిన్నరకు బయటపడ్డాం. ఇంకా రెండొందల డెబ్భై కిలోమీటర్లు.

ఫాక్స్ క్రీక్ దాకా ఆకాశం బాగానే ఉంది. అది దాటాక మంచు మొదలైంది. దుంగలు మోసే లారీల వెనక చిక్కుకున్నాం. అవి లేపే మంచుపొడిలో ముందు లారీ దీపాలు తప్ప ఏమీ కనిపించదు. నేను డెబ్భై మీద నడుపుతున్నాను. చేతులు స్టీరింగుకు అంటుకుపోయాయి. వ్యాలీవ్యూ దగ్గరికొచ్చేసరికి పదకొండున్నర. ఇంకా నూటపది కిలోమీటర్లుంది.

"ముందున్న లారీని దాటనా?" అన్నాను.

"వద్దు," అన్నాడు స్టెలియోస్. "రాత్రి ఎలెని ఫోన్‌లో, నాన్నా నీ కొత్త ఊళ్లో సముద్రం ఉందా అని అడిగింది. ఉందని అబద్ధం చెప్పాను. ఆ సముద్రం చూడ్డానికైనా ఎలెని ఇక్కడికి రావాలి కదా. మెల్లగానే పోనీ."

చివరి యాభై కిలోమీటర్లు మంచు తెరిపిచ్చింది. ఒంటిగంటకు ఎనిమిది నిమిషాల ముందు షాపు గేటు దాటాం. తెల్లగడ్డం ఉన్న ఒకాయన వాచీ చూసుకుని అతన్ని లోపలికి తీసుకెళ్లాడు. నన్ను ముందుగదిలో కూర్చోమన్నారు. అద్దంలోంచి బూతుల వరస కనిపించేది. ఆరంగుళాల పైపు ముక్కలు రెండింటిని ఏటవాలుగా బిగించి పెడతారు, పైపు కదలదు, వెల్డరే కిందా పైనా వంగి చుట్టూ తిరగాలి. స్టెలియోస్ చాలాసేపు మోకాళ్ల మీదే ఉన్నాడు. పులిహోర గిన్నె నా ఒళ్లోనే ఉంది, మూత తీయబుద్ధి కాలేదు. మధ్యలో అంకుల్ మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి "నన్ను లేపొద్దన్నదెవర్రా?" అని అడిగారు. ఆంటీ పేరు చెప్పకుండా "నేనే అంకుల్" అన్నాను.

నాలుగింటికి నన్నూ లోపలికి పిలిచారు. అతుకు నుంచి నాలుగు పట్టీలు కోసి, ఒక్కోదాన్ని ప్రెస్సులో పెట్టి గుర్రపు నాడాలా వంచుతారు. అతుకు దగ్గర పగులు మూడు మిల్లీమీటర్లు దాటితే ఫెయిల్. మొదటిది వంగింది, నున్నగా ఉంది. రెండోది, మూడోది కూడా. నాలుగోది వంచి తీశాక, ఆ తెల్లగడ్డం ఆయన దాన్ని వెలుతురులోకి పట్టుకుని ఆగిపోయాడు. మొదటి పొర వైపు చిన్న పగులు. ఆయన జేబులోంచి కొలత తీశాడు. స్టెలియోస్ చేతులు వెనక్కి కట్టుకుని నేల వంక చూస్తున్నాడు.

"రెండు మిల్లీమీటర్లు," అన్నాడు ఆయన. "సోమవారం ఏడింటికి రా. తిండి ఇంటినుంచే తెచ్చుకో, ఇక్కడేమీ దొరకదు."

స్టెలియోస్ గెంతలేదు, కేకలు వేయలేదు. ఆ నాలుగో పట్టీ తీసుకోవచ్చా అని అడిగాడు. బయటికొచ్చి కారులో కూర్చున్నాక దాన్ని నా చేతిలో పెట్టాడు. "ఇది మీ అంకుల్‌కివ్వు. మిగిలిన ఈ ఒక్క మిల్లీమీటరు ఆయనది," అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచేదేముంది. తర్వాత చల్లారిన పులిహోర ఇద్దరం చేత్తోనే తిన్నాం.

ఆ వారాంతం అతన్ని ఒక ఇంట్లో గది చూసి దింపి, నేను ఒక్కడినే వెనక్కి నడుపుకుంటూ వచ్చాను. దారంతా ఒకటే ఆలోచన. మనం కూడా ఇక్కడికొచ్చి చేసే తప్పులు చాలావరకు పని రాక చేసేవి కావు. పని బాగా వచ్చి, బాగా నేర్పిన గురువు మాట తప్పకూడదని చేసేవి. నా మొదటి ఉద్యోగంలో మేనేజరు తప్పు చెబుతున్నా పెద్దాయన కదా అని తలూపి, ప్రాజెక్టు పోగొట్టుకున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. స్టెలియోస్ రాడ్లను ఎండబెట్టడం, నేను పెద్దాయన్ని నిద్ర లేపకపోవడం రెండూ ఇళ్ల దగ్గర మంచి అలవాట్లే. ఆ పట్టీ ఇప్పుడు ఎడ్మంటన్‌లో ఆంటీ పొయ్యి పక్కన కిటికీ గట్టు మీద ఉంది. ఓవెన్‌లోకి మళ్లీ మూకుళ్లు చేరాయి.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను. వైట్‌కోర్ట్‌లో ట్యాంకు నింపుకోండి, రెండు గంటలు ఎక్కువ చేతిలో పెట్టుకుని బయల్దేరండి. మీరు దిగిన ఇంట్లో ఆ పని తెలిసిన పెద్దాయన నిద్రపోతుంటే, లేపి అడగండి. తిట్టరు. అంకుల్ నన్ను తిట్టింది లేపనందుకే.