ఎల్విన్ లెక్కలోని గాలి

మా ఓహాయో వైపు పాత కార్ల వాళ్లు ఎల్విన్ హడిల్‌స్టన్ పేరును గౌరవంగా తలచుకునేవారు గాని, ప్రేమగా కాదు. ఇంజన్‌ను నీటి బ్రేకుకు, అంటే నీటి అడ్డుతో బలం కొలిచే యంత్రానికి, బిగించి దాని అసలు అశ్వశక్తి ఎంతో తేల్చడం అతని పని. అరవైల చివర కర్మాగారాలు ప్రకటించిన అంకెల్లో కొన్ని అమ్మకాల కోసం పెంచినవి, కొన్ని ఇన్సూరెన్సు వాళ్లు బెదరకుండా తగ్గించినవి. మూడు వందల డెబ్బై అయిదు అన్న ఇంజన్ మూడు వందల ముప్పై దగ్గరే ఆయాసపడేది; మూడు వందల ముప్పై అయిదు అన్నది నాలుగు వందలు దాటేది. ఎల్విన్ తాను తేల్చిన అంకెను సుద్దతో గోడపలక మీద రాసి, ఎవరి ముఖమూ చూడకుండా చేతులు తుడుచుకునేవాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క అంకెనూ చెరపలేదు. చెరపనివాడు పొరబడనివాడేనని లోకం అనుకుంది. బహుశా అతడూ అనుకున్నాడు.

ఆ ఆగస్టు శుక్రవారం ఎనిమిది ఇంజన్లు వచ్చాయి. చివరిది రూడీ పహోల్స్కీది. కాగితం మీద నాలుగు వందల ఇరవై అయిదు. దాన్ని కూర్చిన రూడీ అన్న కాజ్ నిరుడు చనిపోయాడు.

పలక మీద 410 పడింది.

"మీ అన్న పదిహేను గుర్రాల్ని మేతకు తోలేశాడేమోరా!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"ఇంకోసారి చూడు, ఎల్విన్," అన్నాడు రూడీ.

"మూడుసార్లు చూశాను. అంకెకి మీ అన్న ఎవరో తెలీదు, రూడీ."

రూడీ ముఖం నల్లబడింది. "సరే. పొద్దున్నే లోర్నా మెషిన్ షెడ్డులో సిలిండర్లు చెక్కించి వెడల్పు చేయిస్తా. ఆ పదిహేనూ ఎట్లా రావో చూస్తా."

చెక్కితే బలం పెరుగుతుంది. కాని చెక్కిన ఇనుము తిరిగి రాదు. కాజ్ యాభై ఏళ్లు ఉలి తగలకుండా కాపాడిన ఇంజన్ దిమ్మ అది.

మర్నాడు పోస్టులో కొత్త బారోమీటరు వచ్చింది. పాతది గురువారం పగిలింది. అందుకే శుక్రవారం గాలి ఒత్తిడిని విమానాశ్రయం రేడియోలో విని లెక్కలో వేశాడు. కొత్తదాన్ని గోడకు తగిలించాడు. ముల్లు రేడియో చెప్పినదానికంటే అంగుళం పైగా కింద నిలిచింది.

ఎల్విన్‌కు అప్పుడు తట్టింది. విమానాల వాళ్లు ఒత్తిడిని సముద్రమట్టానికి సరిచేసి చెబుతారు. మా ఊరు వెయ్యి అడుగులకు పైనే ఉంది. పలచని గాలి పీల్చిన ఇంజన్‌కు చిక్కని గాలి పీల్చినట్టు లెక్క కట్టాడు; అందుకే అంకె తగ్గింది. పని నేర్చుకునేవాళ్లకు మొదటి రోజే అతడు చెప్పే హెచ్చరిక ఇదే.

లోర్నాకు ఫోను చేశాడు. మోగుతూనే ఉంది. యంత్రం తిరుగుతుంటే ఆవిడకు వినబడదు.

బండి తీశాడు. ఆవిడ షెడ్డు పదకొండు మైళ్లు. దారిలో రైలుగేటు పడింది. బొగ్గు పెట్టెలు ఒక్కొక్కటే పోతున్నాయి. వెనక్కి తిరిగితే ఎవరికీ తెలియదన్న ఆలోచన అక్కడే వచ్చింది. అది తన బుద్ధిలోనే పుట్టిందని గ్రహించి సిగ్గుపడ్డాడు.

షెడ్డులో దిమ్మ బల్లకు బిగించి ఉంది. తిరిగే కత్తి మొదటి సిలిండరు అంచుకు దిగుతోంది.

"ఆపు, లోర్నా! ఆపు!"

ఆవిడ మీట లాగింది. కత్తి గాలిలో నిలిచింది.

"ఏం పంతులుగారూ, ఇంకో పది గుర్రాలు తగ్గిద్దామని వచ్చారా?" అన్నాడు రూడీ.

"తప్పు నాది. రేడియో ఒత్తిడి వేశాను. మీ అన్న ఇంజన్ నాలుగు వందల ఇరవై ఏడు."

లోర్నా కళ్లద్దాలు పైకి తోసింది. "విమానాల గాలా? నువ్వా? ఎనభై తొమ్మిదిలో నీ దగ్గర పని నేర్చుకుంటూ ఇదే తప్పు చేస్తే నన్ను ఏడిపించావు కదయ్యా!"

రూడీ నవ్వలేదు. "నిన్న అందరి ముందూ అన్నావు, ఎల్విన్. ఇవాళ ఇద్దరికే చెబుతున్నావు."

మధ్యాహ్నానికి ఆ ఎనిమిది ఇంజన్ల వాళ్లూ ఎల్విన్ గోడపలక ముందు నిలబడ్డారు. ఎల్విన్ ప్రతి అంకె పక్కనా కొత్త అంకె వేశాడు. 410 పక్కన 427.

"ఆ పాతది చెరిపెయ్," అన్నాడు రూడీ, కాస్త మెత్తగా.

"అది కాజ్‌ది కాదు, నాది. ఉండనీ," అని ఎల్విన్ దాని కింద తన పేరు రాశాడు.