మునెమ్మ తోటకు పోయే దోవ

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అమ్మకు చెప్పలేదు. మా ఆయనకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

తిరుపతిలో భూముల పటాలు తయారుచేసే ఒక ప్రైవేటు ఆఫీసులో పనిచేసేదాన్ని. రీసర్వే జరుగుతున్న రోజులు. డ్రోన్ తీసిన ఫోటోల మీద పొలాల హద్దులు గీసి డేటాబేస్‌లోకి ఎక్కించాలి. ఒకే గట్టును ఈ పొలానికి ఒకరు, ఆ పొలానికి మరొకరు గీసేవారు. గీతలు రెండూ సరిగ్గా కలవవు, మధ్యలో సన్నటి సందు మిగులుతుంది. ఇంత దూరం లోపల ఉన్న గీతలను కలిపెయ్యమని ఒక అంకె ఇస్తే, కంప్యూటరే వాటిని అతికించేస్తుంది. మాకు చెప్పింది అర మీటరు. ఒక ఊరికి నేను మూడు మీటర్లు ఇచ్చాను.

ఎందుకిచ్చాను? సందులు ఒక్కొక్కటే సరిచేసి విసిగిపోయాను. మూడు ఇవ్వగానే సందులున్న చోటల్లా తెర మీద కనిపించే ఎర్ర చుక్కలన్నీ పోయాయి. అందరికంటే ముందు ఊరు పూర్తిచేశానని మేనేజరు నలుగురిలో మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కొన్ని నెలలకు మునెమ్మ వచ్చింది. చిత్తూరు వైపు పల్లె, నేను మూడు ఇచ్చిన ఊరే. భర్త పోయాక మామిడితోట ఒక్కతే చూసుకుంటోంది. తోటకు పోయే బండిదోవ, పక్కరైతు చెంగల్రాయుడి రెండు చేల మధ్య నుంచి పోతుంది. దోవ వెడల్పు మూడు మీటర్ల లోపే, అందుకే దానికి అటూ ఇటూ ఉన్న హద్దులు నా పటంలో అతుక్కుపోయాయి. దోవే లేదు కదా అని అతను కంచె వేశాడు. గ్రామ సర్వేయరు ఆమెను మా దగ్గరికి పంపాడు.

ఆమె చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చింది.

“దోవ యాడికి పోయింది పాపా? మా మామ కాలం నుంచి ఆడ బండి పోతా ఉండాది. కొంచెం సూడు.”

ఫోటో తెరిచాను. తెల్లటి దోవ, దాని మీద టైర్ల జాడ కూడా. తెర నా వైపు ఉంది, ఆమె వైపు కాదు. పక్కనే అద్దాల గదిలో మేనేజరు కూర్చుని ఉన్నారు. సరిచేయాలంటే ఊరు మొత్తం మళ్లీ తెరవాలి, నేనిచ్చిన అంకె బయటపడుతుంది. నా కాంట్రాక్టు పొడిగించేది ఆ నెలే.

“ఫోటోలో కూడా లేదు పెద్దమ్మా,” అన్నాను.

“కాయలు గెనిమ గట్ల మింద ఎట్ల మోసేది? ట్రాక్టరు పోవల్ల గదా.”

“లేనిదాన్ని నేనెట్ల పెట్టేది?”

“నిజమేలే. దాంట్లో లేకుంటే నువ్వు మాత్రం ఏం జేస్తావు,” అని నన్నే సముదాయించి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

అంకె పొరపాటు. బద్ధకం అనుకోండి. కానీ ఆ మాట? ఆమె నా ఎదురుగా నిలబడి ఉండగా, దోవ నా కళ్ల ముందు కనిపిస్తుండగా, ఎక్కడా తడబడకుండా ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో, అంత సులువుగా అబద్ధం చెప్పగలిగిన నేను ఇంకా ఎన్నిసార్లు ఎవరెవరికి చెప్పి ఉంటానో అని నన్ను నేనే అనుమానంగా చూసుకుంటూ ఉంటాను.

తర్వాతి సంగతి సర్వేయరు మాటల్లో తెలిసింది. రెండేళ్ల కాపు కూలీల చేత గంపల్లో మోయించింది. వచ్చిన డబ్బు కూలికే చాల్లేదు. సగం కాయలు చెట్ల కిందే కుళ్లాయి. చివరికి తోటను చెంగల్రాయుడికే అమ్మేసింది. అమ్మగానే అతను కంచె తీసేశాడు. ఇప్పుడు అదే దోవలో అతని ట్రాక్టరు పోతుంది. నేను వెళ్లి చూశాను కూడా.

మునెమ్మ చంద్రగిరి దగ్గర చెల్లెలింట్లో ఉంటోంది. కాయల కాలంలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి కూలికి పోతుందట. చెబుదామని ఒకసారి బస్సెక్కాను. ఆ స్టాపులో దిగలేదు. ఇప్పుడు చెబితే తోట తిరిగొస్తుందా అనుకున్నాను. అదీ నన్ను నేను కాపాడుకునే మాటేనని బస్సులోనే తెలుసు.

ఫోటోలో దోవ ఉంది. చూశాను. చూసి లేదన్నాను. ఇన్నేళ్లలో ఇది బయటికి రావడం ఇదే మొదలు. రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. ఇంతకు మించి అడిగే మొహం నాకు లేదు.