డబ్బాకు వచ్చిన జవాబు

ఒట్టేసి చెబుతున్నాను, ఇది నా చెవులతో నేను విన్నది. కలిపి చెప్పడం నాకు చేతకాదు. అక్షరాలే యాభై దాటాక నేర్చుకున్నాను. నేర్పింది నా కూతురు సరళ.

సరళ వల్లూరు సోలార్ పార్కులో పనిచేసేది. యంత్రాల మోత రికార్డు చేసి, ఏది చెడిపోబోతోందో కనిపెట్టడం ఆమె పని. నాగలమడిక రోడ్డులో బండి మీద నుంచి పడి చనిపోయింది. ఫోను కూడా అక్కడే నలిగిపోయింది. ఇంట్లో ఫోటోలు ఉన్నాయి... గొంతు లేదు.

ప్రతి రికార్డు మొదట్లో సరళ తన పేరు, చోటు చెప్పేదట. ఆమెతో పనిచేసిన నవీన చెప్పింది. ఒక్కసారి వినిపించమ్మా అని బతిమాలాను. ఫైళ్లన్నీ మ్యాట్‌లాబ్ అనే ప్రోగ్రాములో దాచిందట, ఆఫీసులో ఇప్పుడు అది లేదట. పైథాన్ అనే వేరే కంప్యూటర్ భాషలో చదివించి చూస్తానని లాప్‌టాప్ పట్టుకొచ్చింది. అప్పుడే చీకటి పడింది. ఊరి చుట్టూ కరెంటు పండే పలకలే. మా ఇంట్లో మాత్రం కరెంటు లేదు.

మొదట వచ్చిన చప్పుడు వింటే ఒళ్లు మండింది.

"ఏందమ్మే ఇది? ఎనుము అరిచినట్లుండాది. నా బిడ్డ గొంతేనా?"

"ఉండు పెద్దమ్మా! అంకెలన్నీ సరిగ్గానే వచ్చినాయి. ఎంత వేగంతో వినిపించాల్నో నేనే తప్పు చెప్పినా."

ఏదో మార్చింది. గుయ్యిమని యంత్రం మోత... దాని మీద...

"సరళ. వల్లూరు. చివరి వరస."

కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తర్వాత... టక్. టక్. పలక కింది ఇనుప కాలి మీద కొట్టినట్టు. అంతటితో మోత ఆగిపోయింది.

ఆ దెబ్బలు నాకు తెలుసు. ఆ చివరి వరస ఉన్నది ఒకప్పటి మా వేరుశెనగ చేనులోనే. అడవిపందులు పడకుండా నేనొక గట్టున, నా బిడ్డ ఒక గట్టున డబ్బాలు పట్టుకుని కాపలా ఉండేవాళ్లం. అది రెండు దెబ్బలు కొడితే, మేలుకున్నావా అమ్మా అని. నేను మూడు కొడితే, ఉన్నానని. అది మళ్లీ ఒక్కటి కొడితే... సరే, నువ్వు పడుకో, నేను చూసుకుంటాను అని.

నా బిడ్డ అడిగింది. జవాబు చెప్పేవాళ్లు లేరు.

చెయ్యి ఊరుకోలేదు. పక్కనున్న నూనె డబ్బా మీద మూడు కొట్టాను.

నవీన గాజులు కూడా కదల్లేదు...

టక్.

ఒక్కటే. లాప్‌టాప్‌లోంచి.

"పెద్దమ్మా... మళ్లా కొట్టినావా?"

"నా చేతులు చూడవే!"

రెండు చేతులూ నా ఒళ్లోనే ఉన్నాయి.

నవీన మళ్లీ మొదటి నుంచి పెట్టింది. పేరు వచ్చింది. రెండు దెబ్బలు వచ్చాయి. డబ్బా కొట్టాను... ఏమీ రాలేదు. మళ్లీ కొట్టాను. డబ్బా సొట్టపోయేదాకా కొట్టాను. చివరికి నవీనే నా చెయ్యి పట్టుకుంది.

ఫైల్లో అంకెలు తెరిచి చూపించింది. ఆ రెండు దెబ్బల తర్వాత అన్నీ సున్నాలే. సున్నా చదవడం నాకు వచ్చు.

"చదివించేటప్పుడు ఏమన్నా అటూ ఇటూ అయినాదేమో..." అంది. తన మాట తనకే నమ్మకంగా లేదు.

యంత్రమో, నా చెవులో, నా బిడ్డో... నాకు తెలియదు. ఆ ఒక్క దెబ్బ నన్ను పడుకోమని చెప్పింది. చెప్పింది ఎవరో తెలియకుండా కళ్లెట్లా మూసేది?