పెరటాసి శనివారం పడిన కొరమీను

ఏడేళ్లుగా పూతలపట్టు చెరువులో గాలం వేస్తున్నా నాకు జెల్లపిల్లలు తప్ప ఏమీ పడలేదు. ఈ రోజు మోచేతి పొడవు కొరమీను పడింది. బెండు రెండుసార్లు మునిగినా లాగకూడదు, మూడోసారి పక్కకు జరుగుతూ మునిగితేనే లాగాలని మా నాయన చెప్పేవాడు. ఇన్నాళ్లూ రెండోసారికే నా చెయ్యి ఆగేది కాదు. ఈ రోజు ఆగింది.

తడిగోనెలో చుట్టి, సైకిలుకు కట్టుకుని చిత్తూరు చేరాను. వాకిట్లోనే మా ఇంటి ఓనరు ఎదురయ్యాడు, నుదుట నిలువునా నామం పెట్టుకుని. అప్పుడు గుర్తొచ్చింది, ఇది వెంకన్నకు ఒక్కపొద్దుండే పెరటాసి శనివారమని.

"సామి నెలలో, అదీ శనివారం, నీసు తెస్తావా అప్పా? ఆ పాపం నా గడపకు సుట్టుకోదా?" అన్నాడు.

"మరిసిపోయినాను సామీ. ఏం చెయ్యమంటారు?"

"ఆడ బాయికాడ పెట్టి పో. నేను సూసుకుంటా."

మళ్లీ చెరువులో వదిలిస్తాడేమో అనుకుని, తప్పు చేసినవాడిలా పెట్టేసి వచ్చాను. సాయంత్రం నీళ్లు తోడడానికి వెళితే, బావి దగ్గర ఓనరుగారి గంగాళం మీద పలక, దాని మీద బరువుకు రాయి కనిపించాయి. పలక జరిపి చూశాను. నీళ్లలో నా కొరమీను నిక్షేపంగా ఈదుతోంది. గిన్నెలు తోముతున్న ఆయన భార్య నవ్వి, "రేపు ఆదివారం గదప్పా" అంది.

అద్దెకున్నవాణ్ణి. పలక మళ్లీ కప్పేసి, బిందె నింపుకుని వచ్చాను.

మీ ఊళ్లో కూడా పాపాల పంపకం ఇలాగే ఉంటుందా, చెప్పండి. మా ఇంట్లో మాత్రం శనివారం పట్టిన పాపం నాకు, ఆదివారం పులుసు ఆయనకు.