పెట్టినకాడ ఉండే కంప్యూటర్

ముందే చెబుతున్నాను, ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నా నోట్లో పడితే పిల్లి కూడా పులై బయటికొస్తుంది.

ఖమ్మంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఊళ్లలోని పిల్లలు ఇంటి నుంచే, ఫోన్‌లోనే, మా కంప్యూటర్‌ను తెరిచి పని చేసుకునే ఏర్పాటు ఒకటి పెట్టాం. మొదటి వారం అందరూ ఎగబడ్డారు. ఆ తాకిడికి ఖమ్మం కోట గోడలు బీటలువారాయి. తర్వాత ఒక్కొక్కరే జారుకున్నారు. టేకులపల్లి దగ్గరి తండా అమ్మాయి మాత్రం, సిగ్నల్ కోసం పత్తి చేనులో మంచె ఎక్కి మరీ రోజూ వచ్చేది. నేను చెప్పిన ప్రతిసారీ ఆ మంచె ఒక అంతస్తు పెరిగింది.

ఒకరోజు తల్లి ఆమెను వెంటబెట్టుకుని ల్యాబ్‌కే వచ్చేసింది. పిల్ల ఫోన్ తల్లి సంచిలో ఉంది.

“సార్, ఇది పొద్దుమాపు ఫోన్ల మొకం పెడ్తది. ఏందే అంటే, నా కంప్యూటర్ ఖమ్మంల ఉన్నదంటది. ఏదీ, సూపియ్యి. లేదనుకో, ఇగ ఫోన్ లేదు, ఈ సదువూ లేదు.”

పిల్ల కళ్లలో నీళ్లు. నాకైతే వైరా చెరువే కనిపించింది.

సర్వర్ గదికి తీసుకెళ్లాను. ఏసీ చలికి గోడ మీది బల్లి మఫ్లర్ కట్టుకుని ఉంది. నల్ల బీరువా లాంటిదాన్ని చూపించి, “ఇదేనమ్మా” అన్నాను.

“గింత పెద్దదా! మొత్తం మా పిల్లదేనా?”

“అందరిదీ. మీ అమ్మాయికి ఇందులో ఒక అర ఉంది.”

“అందరిదైతే నీకేం మోజే గిందుల?” అని కూతురి మీదికి తిరిగింది.

“యాడీ,” అంది ఆ అమ్మాయి, తల్లిని తండా పిలుపుతోనే పిలిచి. “ఇంట్ల నేను పెట్టింది పెట్టినకాడ ఉంటదా? పుస్తకం తమ్ముడు గుంజుతడు, నోట్సు మేక తింటది. ఈడ గట్ల కాదు. నిన్న సగంల ఆపితే, ఇయ్యాల ఆ సగం నా కోసం చూసుకుంట ఉంటది.”

వేగం, స్టోరేజీ అంటూ గంటల తరబడి ఊదరగొట్టినవాణ్ణి. మేక సంగతి నాకు తట్టనే లేదు.

“తిన్నది ఒక్క కాయితమే, గదీ పోయినేడు,” అని తల్లి గొణిగింది.

అమ్మాయిని ల్యాబ్ తెర మీద తన పని తెరవమన్నాను. నిన్న మంచె మీద ఆపేసిన ప్రోగ్రాం, సగం వరుసతో సహా, అక్షరం చెదరకుండా ఉంది. తల్లి వంగి చూసింది. చూసి, చదువు గొప్పదనం గురించి మహోపన్యాసం ఇచ్చింది. సర్వర్ చప్పట్లు కొట్టింది.

ఆ ఉపన్యాసం నా కల్పన. మంచె, బల్లి, వైరా చెరువు నేను పెంచినవే తప్ప పుట్టించినవి కావు. ఆమె అన్నది “బస్సు టైమైంది, నడువ్వే” అని మాత్రమే. అంటూనే సంచిలోంచి ఫోన్ తీసి, కొంగుతో తుడిచి, పిల్ల చేతిలో పెట్టింది.