పెర్దెబాయ్ ఇచ్చిన కళ్లె డబ్బా

ఆర్జాయిమ్ అక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆరేళ్లుగా ఆవిడ ఎక్కే జీపు తోలుతున్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. మా చింబాయ్ ఊరి చుట్టుపక్కల పల్లెల్లో కొత్త టీబీ మందులు పనిచేస్తున్నాయో లేదో తేల్చే పరిశోధనలో ఆవిడ నర్సు. మందు రాయడం డాక్టర్ల వంతు. కోర్సు పూర్తయిన ఏడాదికి ఆ మనిషిని వెతికి పట్టుకుని, కళ్లె డబ్బాలో పట్టి ల్యాబుకు చేర్చడం ఈవిడ వంతు.

మనిషి దొరకడమే గగనం. ఒకడు గొర్రెల వెంట పోయి ఉంటాడు, ఒకడు కజకిస్తాన్‌లో కూలికి పోయి ఉంటాడు, ఇంకొకడు ఇంట్లోనే ఉండి లేడనిపిస్తాడు. దొరికినవాళ్లకు దగ్గడం కూడా ఈవిడే నేర్పాలి. నడుం మీద చేతులు పెట్టుకుని, కడుపులోంచి తెచ్చి ఖళ్లుమని దగ్గి చూపిస్తుంది. వీధిలో కుక్కలు లేచి మొరుగుతాయి. ఒక పెద్దాయన ఉమ్మితే సరిపోదా అని నసిగాడు.

"నీ ఉమ్మి నాకెందుకయ్యా, స్టాంపులు అంటించుకోనా?" అని కసిరింది.

పెర్దెబాయ్ అంటే మాత్రం అక్కకు ముద్దు. మామూలు మందులకు లొంగని మొండి జబ్బు అతనిది. తొమ్మిది నెలలు వాంతులు చేసుకుంటూ కూడా ఒక్క మాత్ర మానలేదు. ఏడాది గడిచాక అక్క ముందు దగ్గడానికి సిగ్గుపడి గోడ వెనక్కి వెళ్లి, డబ్బా నింపి తెచ్చాడు. అందులో క్రిములున్నాయని ల్యాబు తేల్చింది. అంటే మందు ఓడిపోయినట్టే. ఆ నరకం మళ్లీ మొదలు.

ఆ కబురు చెప్పడానికి ఇద్దరం పెర్దెబాయ్ ఇంటికి వెళ్లాం. రొట్టె తుంచి, పాల టీ ఒక గుక్క తాగాక అక్క అసలు విషయం ఎత్తింది.

"మళ్లీ మొదటినుంచీ మింగాలి నాయనా. నీలో క్రిములున్నాయి."

"నాలోనా? ఉండవక్కా."

"ల్యాబు అబద్ధమాడుతుందా?"

"అది కాదక్కా." పెర్దెబాయ్ మెడ గోక్కున్నాడు. "ఆ రోజు ఎంత గింజుకున్నా నాకు దగ్గే రాలేదు. నువ్వేమో అంత దూరం నుంచి వచ్చావు. ఇంటికొచ్చిన మనిషిని ఖాళీ డబ్బాతో ఎలా పంపను?"

మావాళ్లింతే. పక్కింటివాళ్ల గిన్నె కూడా ఉత్తది తిరిగివ్వరు. కానీ కళ్లె విషయంలో ఈ మర్యాద ఏమిటండీ! నాకే ఒళ్లు మండింది, అక్క సంగతి చెప్పాలా?

"ఒరేయ్, నీకు బుద్ధుందా? నీకు జబ్బు నయమైందిరా! నయమైనవాడి పేరు మీద మందు ఓడిపోయిందని రాయించావు కదరా! తిండి లేదు నాకు వారం రోజులుగా! ఎవరిదిరా అది?"

"పరాయివాళ్లది కాదులే అక్కా, మా ఆవిడ ఉల్బోసిన్‌దే. దానికెప్పుడూ దగ్గు వస్తూనే ఉంటుందిగా, ఈ ఉప్పు గాలికి."

అక్క చేతిలో రొట్టె ముక్క పక్కన పెట్టేసింది. ఎండి ఉప్పునేలైపోయిన సముద్రం మీంచి వచ్చే ఆ గాలికి మా వైపు దగ్గనివాడు లేడు. అందుకే దగ్గును ఎవరూ జబ్బు కింద లెక్కేయరు. రెండేళ్ల కిందట ఇంటిల్లిపాదికీ పరీక్ష చేసినప్పుడు ఉల్బోసిన్‌కు ఏమీ లేదు. ఆ తర్వాత ఆమె చేతి టీ ఎన్నిసార్లు తాగామో, ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు, అక్కా నేనూ. నాకు సిగ్గేసింది.

ఉల్బోసిన్ గుమ్మం దగ్గర పక్కకు తిరిగి, తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గి, కెటిల్‌తో లోపలికి వచ్చింది.

"ఎన్నాళ్లనుంచమ్మా ఈ దగ్గు?" అక్క గొంతులో కోపం లేదు.

"మంచు కరిగినప్పటినుంచీ అక్కా."

"మరి నేను ఇన్నిసార్లు వచ్చాను కదా తల్లీ, ఒక్క మాట చెప్పకూడదూ?"

ఉల్బోసిన్ తనదే తప్పన్నట్టు నవ్వి, అక్క గిన్నెలో టీ పోసింది.

"నువ్వు వచ్చేది ఆయన దగ్గు కోసం కదక్కా."