గుడ్ మార్నింగ్ చెప్పందే జలపాతం ఎక్కనివ్వని మిస్ ఐసిల్డా

గుడ్ మార్నింగ్ చెప్పకపోతే దేవుడు దిగివచ్చినా సరే, గైడు మిస్ ఐసిల్డా మా జలపాతం ఎక్కనివ్వదు.

ఓడ దిగిన ముప్ఫైమంది టూరిస్టులు సముద్రపు ఒడ్డున, జలపాతం అడుగున వరుసగా నిలబడతారు. ఆవిడ ఎర్రటోపీ సర్దుకుని ఒక్కొక్కరి ముందూ ఆగి, "గుడ్ మార్నింగ్" అంటుంది. వాళ్ళూ అనాలి. మూకుమ్మడిగా అంటే చెల్లదు. "హాయ్" అన్నవాడు వరుస చివరికి పోవాలి. జమైకాలో ఎవరి గుమ్మం తొక్కినా ముందు పలకరింపు, తర్వాతే పని. కాని మేమెవరమూ దానికోసం ఓడవాళ్ళను నిలబెట్టం.

"మాకు టైము లేదమ్మా," అన్నాడొక లావుపాటాయన.

"టైము లేకపోతే ఓడలోనే పడుకోవాల్సింది నాయనా. గుడ్ మార్నింగ్."

పలకరింపులయ్యాక అందరూ చేతులు పట్టుకుని గొలుసుకట్టుగా ఎక్కుతారు. అప్పుడు ఆవిడ ఎవరో ఒకరిని పక్కకు పిలుస్తుంది. "నా మోకాలు బాగాలేదు. కాస్త పట్టుకుని ఎక్కించవూ?"

నా ఉద్యోగం రోజూ నీటి మట్టం కొలవడం. కొలిచే అలవాటు కొద్దీ ఆవిడ మోకాళ్ళ లెక్క కూడా రాసిపెట్టాను. సోమవారం ఎడమది, మంగళవారం కుడిది, బుధవారం మళ్ళీ కుడిదే. ఆదివారం చర్చిలో మాత్రం రెండూ ఎగిరి గంతులేస్తాయి. సైన్సు చదివినవాడికి ఇది మింగుడుపడే విషయం కాదు.

కొత్త మేనేజర్ టలక్‌కు అసలు పలకరింపులే మింగుడుపడలేదు.

"పన్నెండు నిమిషాలు! గుడ్ మార్నింగ్‌లకే పన్నెండు నిమిషాలు, మిస్ ఐసిల్డా!"

"నా చెవికి అంత సేపు పడుతుంది."

"చెవితో పనేమిటి?"

"వినడం."

"రేపు నేనే ఎక్కుతాను. ఒక్క నిమిషం ఆలస్యమైనా మీ బ్యాడ్జీ టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోవాలి."

"రండి. గుడ్ మార్నింగ్ చెప్పి మరీ ఎక్కండి."

ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆవిడ గుండె మీదున్న బ్యాడ్జీ అది. ఆ రాత్రి నాకే నిద్రపట్టలేదు.

మర్నాడు టలక్ మెడలో స్టాప్‌వాచీతో, కాళ్ళకు కొత్త రబ్బరు బూట్లతో వచ్చాడు. ఆవిడ ఒక్కరినీ వదల్లేదు. తొందరా పడలేదు. చివరికి ఆయన ముందు నిలబడింది.

"గుడ్ మార్నింగ్, మిస్టర్ టలక్."

"మార్నింగ్."

"గుడ్ ఏదీ?"

"గు... గుడ్ మార్నింగ్."

ఆవిడ తల ఒక పక్కకు వంచి వింది. తర్వాత, "అబ్బా, నా ఎడమ మోకాలు! టలక్ బాబూ, నా పక్కనుండి కాస్త పట్టుకోవూ?"

కొలబద్ద దగ్గర నిలబడి అంతా చూశాను. ఎవరు ఎవరిని పట్టుకున్నారో నాకు స్పష్టంగా కనిపించింది. ఆవిడ అయిదు వేళ్ళూ ఆయన మణికట్టును పీతలా కరిచిపట్టుకున్నాయి. పాకుడు రాయి వచ్చినప్పుడల్లా, "మెల్లగా బాబూ, నేను పడిపోతాను," అంటోంది. ఆయన కిందికి చూడకుండా, ఆ ఎర్రటోపీనే చూస్తూ ఎక్కాడు.

పైకి చేరాక, "ఎన్ని నిమిషాలు ఆలస్యం?" అంది.

టలక్ వాచీ చూసుకున్నాడు. దాన్ని నొక్కడమే మర్చిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో ఆయన అందరితోనూ అన్నాడు: "పాపం, ఆవిడ మోకాలు చాలా ఇబ్బంది పెడుతోంది. నేను లేకపోతే కష్టమయ్యేది." బ్యాడ్జీ ఊసే ఎత్తలేదు.

నేను ఆవిడ్ని పట్టుకుని అడిగాను. "ఆయనకు నీళ్ళంటే భయమని గొంతు విని కనిపెట్టారు కదూ?"

"ఎవరికి భయం? నాకు మోకాలు నొప్పి," అని నా మీద విసుక్కుంది. ఇంటికెళ్ళి నా లెక్కల పుస్తకం తీసి, "మోకాలు" అని రాసిన ప్రతిచోటా కొట్టేసి "భయం" అని రాశాను.

పోయిన వారం నా రెండేళ్ళ కూతురిని ఎత్తుకుని మొదటి రాయి దాకా వెళ్ళాను, పాదాలకు నీళ్ళు తగిలిద్దామని.

"గుడ్ మార్నింగ్, నాయనా," అంది ఎర్రటోపీ సర్దుకుని.

"గుడ్ మార్నింగ్, మిస్ ఐసిల్డా!" అన్నాను, చేతనైనంత గట్టిగా.

ఆవిడ తల ఒక పక్కకు వంచింది.

"అయ్యో, ఏం చెప్పను? ఇవాళ రెండు మోకాళ్ళూ పట్టేశాయి!"